బాలన్న కుస్తీ పంచాంగం

సోమయ్య పటేలు ఆ పొద్దు కొత్త తెల్ల పంచె కట్టుకొని వచ్చాడు. బాలన్న బతుకులో జరిగిన అన్యాయానికి కారణం ఏమిటని ఎవరైనా అడిగితే, ఆ పంచె అనే చెప్పాలి.

అది రెండువేల ఒకటో సంవత్సరం. అమరచింతకు ఐదు మైళ్ల దూరంలో ఉన్న నల్లగుట్టలో, ఉగాది పోయిన వారానికి మైసమ్మ జాతర జరుగుతుంది. రెండో రోజు పొద్దు వాలినాక కుస్తీలు. రాళ్లేరి, దున్ని, నీళ్లు చల్లి మెత్తగా చేసిన ఎర్రమట్టి బరి. పిల్లల కొబ్బరికాయ కుస్తీతో మొదలై, ఐదు తులాల వెండి కడెం కుస్తీతో ముగుస్తుంది. నియమం ఒక్కటే. కింద పడ్డవాడి రెండు భుజాలూ ఒకేసారి మట్టికి అంటాలి. అంటితే చిత్, ఓడినట్టు. ఒక్కటే అంటితే కుస్తీ ఇంకా నడుస్తున్నట్టే.

ఆ ఏడు కడెం కుస్తీలో నిలబడ్డవాళ్లు ఇద్దరు. ఒకడు అమరచింత బాలన్న. ఇరవై ఎనిమిదేళ్లవాడు, నాలుగెకరాలు కౌలుకు చేసుకునే ఇంటి మనిషి. రెండోవాడు నల్లగుట్ట వెంకటన్న. ఇరవై రెండేళ్లవాడు, న్యాయం చెప్పే సోమయ్య పటేలుకు స్వయానా మేనల్లుడు. మేనల్లుడి కుస్తీకి మేనమామ న్యాయం చెప్పడమేమిటని ఎవరూ అడగలేదు. ఆ ఊళ్లో అంత తెల్లటి పంచె కట్టే మనిషి ఇంకొకడు లేడు మరి.

చాలాసేపు ఎవరూ పడలేదు. చివరికి వెంకటన్న బాలన్న కాలు దొరకబుచ్చుకొని తిప్పి పడేశాడు. బాలన్న ఎడమ భుజం మట్టిలో దిగింది. కుడి భుజం దిగలేదు. దాని కింద వెంకటన్న చెయ్యి ఉంది. మెడ చుట్టూ పట్టు వేయబోయి అక్కడ ఇరుక్కుపోయిన చెయ్యి. బాలన్న బరువంతా ఆ అరచేతి మీద, మట్టంతా ఆ చేతి వెనక. వేళ్లు నలుగుతున్నాయి. చెయ్యి లాక్కొని మళ్లీ పట్టు వేయాలని వెంకటన్న అనుకుంటుండగానే ఈల మోగింది.

కిందినుంచి బాలన్న గట్టిగా కూడా అనలేదు.

"పటేలా, జర వంగి చూడు."

సోమయ్య బరి అంచున నిలబడే ఉన్నాడు. మట్టి వైపు చూశాడు, తన పంచె అంచు వైపు చూసుకున్నాడు.

"చూసిన. లే."

డప్పులు మొదలైనాయి. వెంకటన్నను ఎత్తుకున్నారు. జనం భుజాల మీదినుంచి అతనికి కనిపించింది. బాలన్న జనానికి వీపు చూపిస్తూ బరి చుట్టూ నడుస్తున్నాడు. ఎడమ వైపంతా ఎర్రమట్టి, కుడి వైపు నూనె రాసిన ఒళ్లు అట్లాగే మెరుస్తోంది. ఒక చుట్టు నడిచాడు, రెండో చుట్టు నడిచాడు. చూసినవాళ్లు లేరు. చూసినా చూశామని అన్నవాళ్లు లేరు. మన ఊరి పెద్దలకు న్యాయం తెలియక కాదు, నడుము వంగదు. వెంకటన్న తన చేతి వెనక అంటిన మట్టిని తొడకు తుడుచుకున్నాడు. ఆ చేతికే ఎవరో కడెం తొడిగారు.

అప్పుడు చెప్పి ఉంటే ఒక్క మాటతో పోయేది. రేపు చెప్పొచ్చు అనుకున్నాడు. రేపటికి ఆ మాట ఇంకొంచెం బరువైంది.

బాలన్న మళ్లీ బరిలో దిగలేదు. తరువాతి రెండేళ్లు వానలు లేక కౌలు వదులుకొని, అమరచింత బస్సులు ఆగే చోట చాయ్ హోటల్ పెట్టాడు. రేకుల పందిరి, మూడు బల్లలు, మూలన చిన్న టీవీ. అతని భార్య జములమ్మ మిరపకాయ బజ్జీలు వేసేది. నల్లగుట్ట వాళ్లు వనపర్తికి పోవాలంటే అక్కడే బస్సు ఎక్కాలి. వెంకటన్నకు వేరే దారి లేదు. చివరి బల్ల మీద కూర్చొని చాయ్ తాగేవాడు. ఎండాకాలంలో కూడా నిండు చేతుల అంగీ తొడుక్కునేవాడు. ఇంట్లో అతని భార్య కల్పన, ఉడుకపోత లేదా నీకు, పెండ్లికొడుకువా ఏంది అని ఎకసెక్కాలాడేది. పెండ్లైనాక అతను లావెక్కాడు. కడెం మణికట్టు దాటి రావడం మానేసింది. సబ్బు నురగతో ఒకసారి ప్రయత్నించి ఊరుకున్నాడు. కంసాలి దగ్గరికి పోతే కోసిస్తాడు. ఎందుకు కోయిస్తున్నావని అడుగుతాడు కూడా. అందుకని పోలేదు.

ఆ హోటల్లోనే ఒక పొద్దున టీవీలో అమెరికా కుస్తీ వచ్చింది. వెంకటన్న అప్పుడు అక్కడే ఉన్నాడు. గుంజలకు తాళ్లు కట్టిన చదరపు గద్దె మీద, ఒంటినిండా బొమ్మలు పొడిపించుకున్న ఒక కొండలాంటివాడు ఇంకొకణ్ని ఎత్తి కొట్టి మీద పడ్డాడు. వెంటనే నలుపు తెలుపు చారల అంగీ వేసుకున్న మనిషి ఒకడు ఉరికొచ్చి, బోర్లా పడి, చెంప గద్దెకు ఆనించి, పడ్డవాడి భుజాల కింద సందు ఉందా లేదా అని చూశాడు. ఒక భుజం లేచింది. మూడు లెక్కపెట్టడానికి గద్దె మీద రెండు దాకా కొట్టిన చెయ్యి ఆపేశాడు. కుస్తీ మళ్లీ సాగింది.

బాలన్న చేతిలో చాయ్ వడగట్టే జాలి అట్లాగే ఉండిపోయింది. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. జములమ్మ వచ్చి గిన్నె దించుకుంది.

ఇదంతా ఉత్తదేనని, ఎవరు గెలవాలో ముందే మాట్లాడుకొని వస్తారని బల్లల మీదివాళ్లు నవ్వారు. బాలన్న టీవీ మీదినుంచి కన్ను తీయలేదు.

"ఉత్తదైతే ఏమాయె," అన్నాడు. "వంగి చూస్తుండు గద."

వెంకటన్న సగం చాయ్ వదిలేసి లేచాడు. బస్సు ఇంకా రాలేదు. ఎండలో నిలబడ్డాడు.

అట్లా మొదలైంది బాలన్న పిచ్చి. రెండువేల నాలుగు ఉగాదికి ముందు అతను ఒక కాగితం రాశాడు. పైన పెద్ద అక్షరాలతో కుస్తీ పంచాంగం అని పేరు. ఆ ఏడాది పెద్ద కుస్తీలు ఏవి, ఎప్పుడు, ఎక్కడ చూడాలి, దేంట్లో నియమం ఏమిటి, అన్నీ ఒకే కాగితం మీద. అతను చదివింది ఏడో తరగతి. తేదీల కోసం వనపర్తి పోయి, నెట్ సెంటర్‌లో కూర్చునే సింధూజ అనే అమ్మాయిని అడిగి చదివించుకున్నాడు. యాభై కాపీలు తీయించి, చాయ్ తాగినవాళ్లకు తలా ఒకటి ఇచ్చాడు.

వెంకటన్నకూ ఇచ్చాడు. చాయ్ గ్లాసు కింద పెట్టి పోయాడు.

ఆ మొదటి కాగితంలో పెద్ద తప్పు పడింది. అన్నింటికీ ఆదివారం అని ఉంది. నెట్‌లో అట్లాగే ఉంది మరి. ఏడాది మొత్తానికి పెద్ద పండుగలాంటి రెసిల్‌మేనియా రోజున, ఆదివారం తెల్లారగట్ల చుట్టుపక్కల పల్లెల నుంచి నలభై మంది సైకిళ్ల మీద వచ్చారు. టీవీలో పాత క్రికెట్ ఆట వస్తోంది. గంట చూశారు. బాలన్నా, పంచాంగం బాపనయ్య కాడ రాపిచ్చినవా, తద్దినం తేదీలిచ్చిండేమో అని ఒకరు, పైల్వాన్‌లకు ఎద్దులు దొరకక బండి ఆలస్యమైందేమో అని ఒకరు. బాలన్న అందరికీ చాయ్ పోశాడు. మరునాడు వనపర్తి పోయాడు. అక్కడ ఆదివారం రాత్రి అయితే ఇక్కడ సోమవారం పొద్దున అవుతుందని సింధూజ వేళ్ల మీద లెక్కపెట్టి చూపించింది.

తిరిగొచ్చి హోటల్ జములమ్మకు అప్పగించి, సైకిలెక్కాడు. తను ఇచ్చిన కాగితాలన్నీ ఎవరెవరి దగ్గర ఉన్నాయో గుర్తుపెట్టుకొని, ఊరూరూ తిరిగి, ఒక్కొక్క దాంట్లో ఆదివారం కొట్టేసి సోమవారం రాశాడు. నల్లగుట్టకూ వచ్చాడు. వెంకటన్న ఇంటి ముందు సైకిల్ ఆపి కాగితం అడిగాడు. కల్పన వెతికి తెచ్చి ఇచ్చింది, మంచినీళ్లూ ఇచ్చింది. ఒక్క కాగితం కోసం ఐదు మైళ్లు తొక్కుకుంటూ వచ్చినవా అన్నా అని నవ్వింది. బాలన్న అరుగు మీద కూర్చొని నాలుగు చోట్లా దిద్దాడు. వెంకటన్న గడపలో నిలబడి ఉన్నాడు. చొక్కా లేదు. కడెం దాచుకోవడానికి చెయ్యి వీపు వెనక పెట్టుకున్నాడు.

"తప్పు రాసిన," అన్నాడు బాలన్న, పెన్ను జేబులో పెట్టుకుంటూ. "రాసినోడే దిద్దాలె గద."

అతను పోయినాక కూడా వెంకటన్న చాలాసేపు గడప దాటలేదు. ఏమీ అనిపించలేదు. అనిపించాల్సింది ఏదో ఉందని మాత్రం తెలుస్తోంది, తిమ్మిరెక్కిన కాలు తనదేనని తెలిసినట్టు.

రెండో ఏటినుంచి పంచాంగంలో తప్పుల్లేవు. అప్పటికి కరెంటు కోతలు ముదిరాయి. ఏ ఊరికి ఏ వేళ కరెంటు పోతుందో సబ్‌స్టేషన్‌లో కనుక్కొని అదీ రాసేవాడు. ఎవరింట్లో బ్యాటరీ మీద నడిచే టీవీ ఉందో రాసేవాడు. పల్లెల్లో వాటిని దేవుడి పటం పక్కన గోడకు అంటించుకున్నారు. వెంకటన్న అంటించలేదు. ఇనుప పెట్టెలో పట్టా పాసుపుస్తకం కింద పెట్టాడు, ఏడాదికొకటి. ఎవరూ లేనప్పుడు తీసి చదివేవాడు. రాసిన తీరు ఇట్లా ఉండేది.

"రెసిల్‌మేనియా. కుస్తీలకు ఇదే ఉగాది. సోమవారం తెల్లారగట్ల. అమరచింతల ఆరింటికి కరెంటు పోతది, ఆఖరి కుస్తీ దొరకదు. వీపనగండ్ల దిక్కు చుట్టాలుంటే ముందురోజే పోయి పండుకోండి. ఎందుకొచ్చిన్రంటే చూసిపోదామని వచ్చినం అనండి.

సమ్మర్‌స్లామ్. పేరుకు ఎండకాలం, మనకు శ్రావణం. కలుపు తీసేటోళ్లు పొద్దున చూడలేరు. సాయంత్రం మల్ల వేస్తరు, అప్పుడు చూడండి.

సర్వైవర్ సీరీస్. కార్తీకం. జట్లు జట్లు కొట్లాడుతరు, మిగిలినోడు గెలిచినట్టు. పల్లి విత్తే పని ఉంటది. ఒక్క పూట ఆగితే భూమి పారిపోదు.

రాయల్ రంబుల్. జనవరి ఆఖర్ల. ముప్పై మంది. దీంట్ల భుజాల లెక్క లేదు. తాడు మీదికెల్లి అవతల పడి రెండు కాళ్లు నేలకు అంటితే పోయినట్టు. ఒక్క కాలు అంటితే పోనట్టు. అక్కడ గూడ కిందికి చూసేటోడు ఉంటడు."

అన్నింటికన్నా కింద, గీత గీసి, ప్రతి ఏడూ ఒకే మాట. "రెండు భుజాలు. మూడు లెక్కలు. చూసినంకనే చెప్పాలె."

ఎవరు గెలుస్తారో ఏ ఏడూ రాయలేదు. అది అడిగినవాళ్లకు, గెలిచినోని సంగతి అందరూ చెప్తరు అనేవాడు. ఆ మాట అంటూ చివరి బల్ల వైపు ఎన్నడూ చూడలేదు. చూసినా బాగుండేది. తిట్టినా బాగుండేది. చాయ్ గ్లాసు కింద ఏడాదికొక కాగితం పెట్టి పోవడం తప్ప ఏమీ చేయలేదు ఆ మనిషి. అతనికి కడెం అక్కర్లేదని వెంకటన్నకు ఎప్పుడో అర్థమైంది. అదే బరి దగ్గర, అదే జాతరలో, అదే జనం ముందు, ఆ పొద్దు ఒక్క భుజమే అంటిందని ఒకరు అనాలి. అనగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు. సోమయ్య చూడనే లేదు కాబట్టి ఆయన అన్నా చెల్లదు.

రెండువేల ఏడులో సోమయ్య పటేలుకు పక్షవాతం వచ్చింది. ఆరు నెలలు మంచంలో ఉండి కన్నుమూశాడు. మరుసటి జాతరకు న్యాయం చెప్పేది ఎవరని ఊరి పెద్దలు కూర్చున్నప్పుడు, కడెం గెలిచిన మనిషి ఉండగా వేరేవాళ్లెందుకని వెంకటన్న పేరే అన్నారు. మామ కుర్చీ అల్లుడికి. అతను వద్దనలేదు. ఆ రోజునుంచి జాతర దాకా లోపల ఒక్కటే మాట నేర్చుకున్నాడు. పొలానికి నీళ్లు పెడుతూ, ఎడ్లకు గడ్డి వేస్తూ పెదవులు కదిలించేవాడు. మైకులో ఎట్లా అనాలి, ముందు ఏం అనాలి, పేరు చెప్పాలా, అమరచింత బాలన్న అంటే చాలా. కల్పన చూసి, ఏందయ్యా, వోట్లకు గిట్ల నిలబడ్తున్నవా అని అడిగింది.

జాతరకు బాలన్న వచ్చాడు. ఏడేళ్ల తరువాత నల్లగుట్ట కుస్తీలకు రావడం అదే. ఆ ఏటి పంచాంగాలు చేతిలో పట్టుకొని, పంచకుండా, బరికి అవతలి వైపు జనం వెనక నిలబడ్డాడు. పొడుగు మనిషి కాబట్టి కనిపిస్తున్నాడు. వెంకటన్న న్యాయం చెప్పబోతున్నాడని అతనికి ఎవరో చెప్పే ఉంటారు.

సర్పంచ్ మైకు ఇచ్చాడు. వెంకటన్న ఊరి తరఫున అందరికీ దండం అన్నాడు. డప్పుల వాళ్ల పేర్లు, పందిరి వేసిన వాళ్ల పేర్లు చదివాడు. కాగితం మీద పేర్లు అయిపోయాయి. మైకు నోటి దగ్గరే ఉంది. జనం ఎదురుచూస్తున్నారు. అవతల బాలన్న కూడా. అతని ముఖంలో కోపం లేదు, ఆశ కూడా కనిపించలేదు. బస్సు కోసం నిలబడ్డ మనిషిలా ఉన్నాడు.

"కొబ్బరికాయ కుస్తీ పిల్లలు రావాలె," అన్నాడు వెంకటన్న.

కడెం కుస్తీ వచ్చింది. ఒకడు పడ్డాడు. వెంకటన్న బరిలోకి ఉరికి, తెల్ల పంచెతోనే మోకాళ్ల మీద పడి, చెంప మట్టికి ఆనించి చూశాడు. అన్నా, ఏం పోగొట్టుకున్నవే, మేమొచ్చి దేవులాడాల్నా అని జనం గొల్లున నవ్వారు. ఎడమ భుజం అంటింది, కుడి భుజం అంటింది. మూడు లెక్కపెట్టి ఈల ఊదాడు. లేచేసరికి పంచె ఎర్రగా ఉంది, చెంప ఎర్రగా ఉంది. మళ్లీ మైకు చేతికొచ్చింది. ఇది చాలుతుందేమో అనుకున్నాడు. వంగి చూశాడు గదా. బాలన్న చూశాడు గదా. గెలిచినవాడి పేరు చెప్పి మైకు సర్పంచ్‌కు ఇచ్చేశాడు.

తల తిప్పి చూసేసరికి బాలన్న అక్కడ లేడు. అతను నిలబడ్డ చోట కాగితాలు కూడా లేవు. ఒక్కటి కూడా పంచకుండా తీసుకుపోయాడు.

ఆ ఏడు వెంకటన్న చాయ్ గ్లాసు కింద కాగితం రాలేదు.

ఆ తరువాత రోజులు త్వరగా మారాయి. ఇండ్ల మీద చిన్న గొడుగుల్లాంటి డిష్‌లు లేచాయి. ఏ చానల్లో ఏ కుస్తీ ఎప్పుడొస్తుందో టీవీ కింది డబ్బానే చెబుతోంది. ఎవరింట్లో వాళ్లు పండుకొని చూస్తున్నారు. హోటల్లో బల్లలు ఖాళీ అయ్యాయి. రెండువేల తొమ్మిదిలో వానలు మళ్లీ మొహం చాటేశాయి. బాలన్న రేకులు విప్పేసి, టీవీ ఎవరికో ఇచ్చేసి, కరువొస్తే పాలమూరు మనుషులు వలస పోయే దారినే పోవాలని నిర్ణయించుకున్నాడు. పుణెలో ఇండ్లు కట్టే పని. మేస్త్రీ ఇద్దరికీ పని ఉందన్నాడట.

వెంకటన్నకు ఇది తెలియదు. కాలిపోయిన బోరు మోటారు వైండింగ్‌కు ఇచ్చి, ఒక మధ్యాహ్నం వనపర్తి బస్టాండుకు వచ్చాడు. హైదరాబాదు బస్సు ఆగే చోట, రెండు బియ్యపు సంచులు, ఒక బిందె పక్కన పెట్టుకొని జములమ్మ నేల మీద కూర్చొని ఉంది. బాలన్న నిలబడి ఉన్నాడు. జుట్టు నెరిసింది. భుజాలు మాత్రం అట్లాగే ఉన్నాయి.

తప్పించుకొని పోవచ్చు. కాళ్లు పోనివ్వలేదు.

ఎటు పోతున్నారని అడిగాడు. పుణె అని జములమ్మ చెప్పింది. ఎప్పుడొస్తారంటే, పోయినంక తెలుస్తది అంది. ఆమె ఇంటి సంగతులు అడిగింది, కల్పనను అడిగింది. ఆ మాటలు అయిపోయాయి. వెంకటన్న అక్కడే ఉన్నాడు.

"పోయినేడు పంచాంగం ఇయ్యకపోతివి అన్నా."

"డబ్బా చెప్తుంది గద ఇప్పుడు," అన్నాడు బాలన్న. "మనం ఎందుకు."

కండక్టర్ హైదరాబాద్ హైదరాబాద్ అని అరుస్తున్నాడు. జములమ్మ ఒక సంచి ఎత్తుకొని లేచింది. బాలన్న రెండోది ఎత్తి కుడి భుజం మీద వేసుకున్నాడు. వెంకటన్న బిందె అందుకున్నాడు. బస్సు మెట్టు దాకా నడిచి ఆగాడు. చొక్కా చెయ్యి పైకి జరిగి కడెం బయటపడింది. ఈసారి దించుకోలేదు. ఎనిమిదేళ్లు నోట్లో నానిన మాట ఇంత చిన్నగా వస్తుందని అతను అనుకోలేదు.

"అన్నా, ఆ పొద్దు నీ కుడి భుజం కింద నా చెయ్యి ఉండె. భుజం అంటలేదే."

బాలన్న మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగాడు. వెనకవాళ్లు తోస్తున్నారు. వెంకటన్న చేతిలోంచి బిందె తీసుకొని లోపలికి అందించాడు. తరువాత, మోటారు సంగతో వాన సంగతో మాట్లాడుతున్నట్టు, నెమ్మదిగా అన్నాడు.

"నాకు చెప్తవేంది తమ్మీ. నా వీపు సంగతి నాకు తెల్వదా?"